ఆడది తెలియదు

మొన్న ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతుంటే కాగితం మీదికి ఒక చిన్న సాలీడు దూకింది. వడ్లగింజలో సగం ఉంటుంది. గూడు అల్లే రకం కాదు, మాటు వేసి, దూరం చూసుకుని, ఎగిరి పట్టే రకం. నా పెన్ను వంక తల తిప్పి చూసింది. నేను బల్లను రెండుసార్లు తట్టి ఆగాను. అది తీరిగ్గా అంచుదాకా నడిచి కిందికి దిగిపోయాక మళ్లీ ఎర్రపెన్ను పట్టుకున్నాను. పక్క కుర్చీలోని మేడం "పురుగులకు కూడా పర్మిషన్ ఇస్తరా?" అని నవ్వింది.

ఆ తట్టడం నాది కాదు. సూర్యాపేటలో నేను మొదట ఉద్యోగం చేసిన ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ ల్యాబ్ ఊడ్చిన ఆయమ్మది.

పొద్దున ల్యాబ్ తలుపు తీయగానే ఆమె చీపురుకట్ట మొదలుతో గోడను రెండుసార్లు కొట్టేది. కొట్టి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడేది. "జరగుండ్రి జరగుండ్రి" అనేది. కిటికీ చువ్వల మీద, అలమరా సందుల్లో ఉన్న సాలీళ్లు కదిలి పైకి పోయేదాకా చీపురు నేలకు ఆనించేది కాదు. విద్యార్థులు ఆమె కోసం ఎదురుచూస్తూ గుమ్మంలో నిలబడాల్సి వచ్చేది. ఎవరైనా తొందరపెడితే "ఆల్లు నీకంటె ముందొచ్చిన్రు బిడ్డా, ఆల్లను పోనీ" అనేది.

ఆమెది మునగాల దగ్గర గొర్లు కాచుకునే కుటుంబం. చదువు లేదు. కానీ ఆమె కన్ను లాంటి కన్ను నేను మళ్లీ చూడలేదు. ఎడమకన్ను మూసి, కుడికన్నుతో చూసేది. నాకు అన్నీ ఒకేలా కనిపించే సాలీళ్లలో "గిది నిన్నటిది, గిది కొత్తది, గిది కాలు ఇరిగినది" అని విడదీసేది. అదెలా అని అడిగితే ఆశ్చర్యపోయింది. "రెండు నూర్ల గొర్లు మందల కలిస్తె మా గొర్లేవో మొకం సూసి ఏరుకునేదాన్ని మేడం. గియ్యెంత? గీటికి మొకమే గదా పెద్దగుండేది."

నిజమే. ఆ సాలీళ్లకు ముఖమంతా కళ్లే.

ఒక వానాకాలం పొద్దున ఆమె నన్ను కొంగు పట్టి లాగినంత పని చేసి కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. చువ్వ మీద ఒక నల్లటి సాలీడు. నుదుటి మీద తెల్లటి పట్టీ, ముందుకాళ్లు లావుగా. "గీన్ని నేనెన్నడు సూడలే. మన తాన లేడు గీడు" అంది. మెల్లగా సీసాలోకి ఎక్కించి, మూత పెట్టి, రెండు చేతులతో హెచ్‌ఓడీ సారు బల్ల మీద పెట్టింది.

సారుది కోదాడ. అన్యాయంగా చెప్పను, ఆయన పాఠం బాగా చెప్పేవాడు. సాలీళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నాడు. భూతద్దం తీసి చూసి, లేచి తలుపు వేసి, మళ్లీ చూశాడు. ఆ సీసాను ఆయమ్మకు తిరిగి ఇవ్వలేదు.

అది ఎవరూ రాయని జాతి అని తేలింది. వ్యాసం రాశాడు. దానికి బొమ్మలు వేసింది నేను. మైక్రోస్కోపులో ఒక కన్ను, కాగితం మీద ఒక కన్ను పెట్టి, వెంట్రుక మందం గీతలతో నాలుగు నెలలు వేశాను. తలనొప్పి మాత్రలు మింగుతూ వేశాను. వ్యాసం అచ్చై వచ్చాక చూస్తే, సేకరణ: రచయిత. చిత్రాలు: రచయిత. జాతికి ఆయన యూనివర్సిటీలోని తన గైడు పేరు పెట్టుకున్నాడు. బొమ్మల సంగతి నేను అడిగితే, "మీ పేరు వేస్తే మీకేం వస్తుందమ్మా, రేపు పెళ్లి చేసుకుని వెళ్లిపోతారుగా" అన్నాడు. ఆ మాట కోపంగా కూడా అనలేదు. రికార్డు మీద సంతకం పెడుతూ తల ఎత్తకుండా అన్నాడు.

నేను తర్వాత పెళ్లి చేసుకున్నాను. ఎక్కడికీ వెళ్లిపోలేదు.

ఆయమ్మకు జరిగింది నాకు జరిగిన దానికంటే పెద్దది, ఎందుకంటే అది మైకులో జరిగింది. కాలేజీ సెమినార్ హాల్లో సారుకు సన్మానం. ఆయమ్మ తలుపు పక్కన శాలువా పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. పత్రిక నుంచి వచ్చినతను విద్యార్థుల దగ్గర విన్నాడేమో, "సార్, ఈ సాలీడును మొదట చూసింది మీ ఆయమ్మ అంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు.

సారు మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ఆయమ్మా? ఆమె చీపురు పడితే ఏ పురుగైనా బతుకుతుందా బాబూ? పాపం అది ఆమె చీపురు నుంచి తప్పించుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది."

హాలంతా నవ్వింది. చైర్మన్ నవ్వాడు. నేనూ నవ్వాను. అందరూ నవ్వినప్పుడు నోరు దానంతటదే తెరుచుకుంటుంది, కానీ అది సాకు. ఆమె నవ్వలేదు. పళ్లెం తీసుకుని నడిచి వెళ్లి, చైర్మన్ ముందు వంగి నిలబడింది. ఆయన అందులోంచి శాలువా తీసి సారుకు కప్పాడు. ఆమె ఖాళీ పళ్లెంతో వచ్చి మళ్లీ తలుపు పక్కనే నిలబడింది.

మరునాటి నుంచి ఆమె నాకు చాయ్ పెట్టడం మానేసింది. సారు బల్ల మీద కప్పు పెట్టి, నా బల్ల దాటి వెళ్లిపోయేది. నెల రోజులు అట్లాగే నడిచింది. చివరికి ఒకరోజు ఎవరూ లేనప్పుడు నేనే వెళ్లి, "ఆ రోజు నేను గూడ నవ్విన ఆయమ్మా. తప్పయింది" అన్నాను.

ఆమె గ్లాసులు కడుగుతూనే ఉంది. "గది నాకు యాదికుంది మేడం" అంది. గ్లాసులన్నీ బోర్లించాక, "మీరు తప్పు ఒప్పుకున్నరు. సారు ఒప్పుకోలె" అంది. మరునాడు నా బల్ల మీద చాయ్ ఉంది.

ఆ వారంలోనే ఆమె నాకొక సీసా చూపించింది. గొర్లకు సూదిమందు ఇచ్చాక మిగిలే చిన్న గాజు సీసా. లోపల మన నల్లోడి లాంటివాడే ఒకడు. వాడి ముందు ఒక మట్టిరంగు సాలీడు, ఒంటి మీద చుక్కలు. నల్లోడు ముందుకాళ్లు రెండూ పైకెత్తి, అటు మూడడుగులు, ఇటు మూడడుగులు వేస్తున్నాడు. మట్టిరంగుది కదలకుండా చూస్తోంది. కాసేపటికి వాడు దాని మీదికి ఎక్కాడు.

"పెండ్లాం మొగడు" అంది ఆయమ్మ. "సారు రాసిండే, గా బుక్కుల గీమె గురించి ఏం రాసిండు? సదువుర్రి జర."

నేను వ్యాసం తీసి వెతికాను. ఇంగ్లీషులో రెండు మాటలు ఉన్నాయి. తెలుగులో చెప్పాను: "ఆడది తెలియదు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నేను ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. కళ్లు తుడుచుకుని, "మల్ల సదువుర్రి" అంది. మళ్లీ చదివాను.

"సారుకు చెప్తవా?" అన్నాను.

"అడిగితె చెప్త."

సారు అడిగాడు, కానీ అది కాదు. పది రోజుల తర్వాత ల్యాబులోకి వచ్చి, "ఏమ్మా, ఇంకేమైనా కొత్తరకం కనపడిందా?" అన్నాడు. ఆమె అలమరా వెనక నుంచి సీసా తీసి ఇచ్చింది. అందులో మట్టిరంగుది ఒక్కతే ఉంది. "గిది వేరే తీరుగున్నది సారూ" అంది. అబద్ధం కాదు. అది వేరే తీరుగానే ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆమె నా వైపు చూసింది. "మీరు చెప్తరా మేడం?" అని ఆ చూపు అడిగింది.

నేను చెప్పలేదు. బొమ్మలు వేశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ బొమ్మా వేయలేదు. ప్రతి చుక్క, ప్రతి వెంట్రుక. సారు నా భుజం మీదుగా చూసి "వండర్‌ఫుల్" అన్నాడు. రెండో వ్యాసం త్వరగా అచ్చేసే పత్రికకు పంపాడు. ఈసారి జాతికి మా కాలేజీ చైర్మన్ పేరు పెట్టాడు. చైర్మన్ మొదట "నా పేరు పురుగుకా?" అని మొహం చిట్లించాడట. "సైన్సు ఉన్నంతకాలం ఉంటుంది సార్" అని సారు చెప్పాక, హైవే మీద కాలేజీ బోర్డు పక్కన ఫ్లెక్సీ కట్టించాడు. చైర్మన్ బొమ్మ, పక్కన ఆయన తలకాయంత సాలీడు. వచ్చే ఏడు సారే ప్రిన్సిపాల్ అని అందరికీ తెలిసిపోయింది. వ్యాసంలో ఈసారి రెండు మాటలు ఇలా ఉన్నాయి: మగది తెలియదు.

ఈలోపు ఆయమ్మ పని ఆయమ్మ చేసుకుంటోంది. ఆమె పట్టి దాచుకున్న అలాంటిదే ఇంకో మట్టిరంగుది పెట్టిన గుడ్లు పిల్లలయ్యాయి. ఆవగింజలో సగం ఉన్నవాటిని ఒక్కొక్కటి విడదీసి, ఒక్కో సూదిమందు సీసాలో వేసింది. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తింటాయి. మురిగిన అరటితొక్కల మీద ముసిరే చిన్న ఈగలను పట్టి వాటికి వేసేది. మూతల బదులు గుడ్డపీలికలు కట్టింది. స్టోర్‌రూమ్‌లో పాత అస్థిపంజరం వెనక అట్టపెట్టెలో ఇరవై ఆరు సీసాలు. సెలవు రోజుల్లో కూడా ఊరి నుంచి ఆటో ఎక్కి వచ్చేది. ఎందుకింత అని అడిగితే, "ఒక్క కడుపున పుట్టినయి సూపియ్యాలె. నోటితోని చెప్తె నమ్ముతరా నన్ను?" అంది.

నాలుగు నెలల దాకా అన్నీ మట్టిరంగులోనే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటీ చివరిసారి కుబుసం విడిచాయి. పదకొండు నల్లగా, నుదుట తెల్లపట్టీతో బయటికి వచ్చాయి. మిగిలినవి మట్టిరంగులోనే ఉండిపోయాయి. ఆ రోజు ఆమె సీసాలన్నీ కిటికీ అరుగు మీద వరసగా పెట్టి, ఎడమకన్ను మూసి, ఆ చివరి నుంచి ఈ చివరికి చూస్తూ నిలబడింది. ఆమెలో సంతోషం కనిపించలేదు. బరువు ఎత్తబోయే మనిషి కాళ్లు సర్దుకున్నట్టు నిలబడింది.

చైర్మన్ పేరు పెట్టిన పండగలో భాగంగా కాలేజీలో జాతీయ సదస్సు పెట్టారు. కేరళ నుంచి ఒక పెద్దావిడను పిలిచారు. తెల్లజుట్టు, కాటన్ చీర, జీవితమంతా ఈ దూకే సాలీళ్ల మీదే పనిచేసిన మనిషి. పొద్దున ల్యాబులో ఆమెకు చాయ్ ఇవ్వడానికి ఆయమ్మ వెళ్లింది. చాయ్ కప్పు పెట్టి, పక్కనే సీసాల పెట్టె పెట్టింది. పెద్దావిడ చాయ్ తాగడం మరచిపోయింది. నేను పక్కన ఉండి ఆయమ్మ చెప్పింది ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట వదల్లేదు.

మధ్యాహ్నం హాల్లో సారు రెండు జాతులనూ తెరమీద పక్కపక్కన చూపించాడు. చప్పట్లు అయ్యాక పెద్దావిడ లేచి, వీటిని మీరు పెంచి చూశారా అని అడిగింది. లేదన్నాడు. ఒకరు పెంచారు అని ఆమె వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. ఆయమ్మ అట్టపెట్టెతో నడిచి వచ్చింది. చెప్పులు బయట విడిచి వచ్చింది. మైకు ముందు నిలబెడితే దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది.

"పొట్టేలుకు కొమ్ములుంటయి సారూ" అంది. "గొర్రెకుండయి. గంతమాత్రాన రెండు జాతులా?"

వెనక వరసల్లోంచి నవ్వు మొదలైంది. సగం మంది పిల్లలు గొర్లున్న ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. నవ్వు ముందు వరసల దాకా పాకింది. సారు బల్ల అంచు పట్టుకున్నాడు. పెద్దావిడ నవ్వలేదు. రెండూ ఒకటే జాతి అనీ, ఇలాంటప్పుడు ముందు పెట్టిన పేరు ఉంటుంది, తర్వాతది పోతుందనీ మెల్లగా వివరించింది. చైర్మన్ పక్కనున్నతన్ని "అంటే నా పేరు?" అని అడగడం నేను విన్నాను. ఆయన భోజనానికి ఆగకుండా వెళ్లిపోయాడు.

నేను సారు ముఖం చూస్తూనే ఉన్నాను. చూడకూడదనిపించలేదు.

ఫ్లెక్సీ వారంలో దిగింది. ప్రిన్సిపాల్ కుర్చీ వేరేవాళ్లకు పోయింది. సారు ఆ ఏడాది చివర రాజీనామా చేసి కోదాడలో ఒక కోచింగ్ సెంటర్‌లో చేరాడు. అంతకంటే ముందే ఆయమ్మను తీసేశారు. కారణం చెప్పలేదు, రేపటి నుంచి రావద్దన్నారు. నేను గింజుకుంటుంటే ఆమే నన్ను ఓదార్చింది. "పనికేంది మేడం, నాట్లున్నయి, కలుపున్నది" అని త్రిపురారంలో ఉన్న కూతురి దగ్గరికి పోయింది. రెండేళ్లకు నాకు మిర్యాలగూడలో ఉద్యోగం దొరికింది. వారానికోసారి సంతకు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చేది. వస్తే గుమ్మం మూలలూ, కిటికీ చువ్వలూ ఒకసారి చూసుకుని, ఆ తర్వాతే కూర్చునేది.

పెద్దావిడ సవరణ వ్యాసం అచ్చైంది. అందులో ఆయమ్మ పేరు, ఊరు రాసి కృతజ్ఞతలు చెప్పింది. చదివి వినిపించాను. తలూపింది. తర్వాత, "సారు పేరు తీసేసిన్రా?" అని అడిగింది.

తీయరని చెప్పాను. ఒక జాతికి మొదట పేరు పెట్టిన మనిషి పేరు ఆ జాతి పేరు వెనక ఎప్పటికీ ఉంటుందని, అది నియమమని చెప్పాను.

"ఎప్పటికీ అంటె?"

"ఎప్పటికీ."

"గట్లయితె సగమే అయింది మేడం" అంది. "కోదాడకు బస్సెన్ని గంటలకు?"

ఇద్దరం కలిసి వెళ్లాం. కోచింగ్ సెంటర్ మెట్లెక్కి, సారు గదిలోకి ఆమె అడగకుండా నడిచింది. ఆయన లేచి నిలబడ్డాడు. బాగా చిక్కిపోయాడు. ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. బల్ల మీద ఒక సూదిమందు సీసా పెట్టింది. లోపల నల్లోడు.

"ఎప్పటి నుంచి తెలుసమ్మా నీకు?" అన్నాడు ఆయన.

"మీరు రెండోది రాయకముందు సంది."

"మరి ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"చెప్తె నా చీపురుకు తప్పించుకొని వచ్చిందందురు."

ఆమె ఒక చాయ్ తాగేంతసేపు ఆయన ముఖం చూస్తూ కూర్చుని, లేచింది. సీసా అక్కడే వదిలేసింది. బస్టాండులో మిరపకాయ బజ్జీలు రెండు ప్లేట్లు తిని, హుజూర్‌నగర్ వచ్చేదాకా నిద్రపోయింది. మిర్యాలగూడలో దిగుతూ, "మల్ల వోవాలె" అంది.

రెండు మూడు నెలలకోసారి పోయేది. తర్వాత్తర్వాత నేను లేకుండానే. ప్రతిసారీ ఒక సీసా. ఒకసారి నల్లది, ఒకసారి మట్టిరంగుది. ఏమంటాడు అని అడిగితే, "ఏమంటడు, కూసుంటడు" అనేది. నాకది నచ్చేది. ఆమె వెళ్లొచ్చిన రోజు నేను ఎదురుచూసి మరీ వినేదాన్ని.

పోయిన ఎండాకాలం అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. మంచినీళ్లు తాగి కూర్చుంది.

"ఇగ వోను మేడం" అంది. "ఇయ్యాల నేను పొయ్యేసరికి సారు భూతద్దం వెట్టుకొని సీసాలు సూస్తుండు. నేనిచ్చినయన్నీ దాసిండు. ఈగలు వట్టి ఏస్తుండంట. నన్ను సూసి లేవలే గూడ. గిది ఎప్పుడు కుబుసమిడుస్తది అని అడిగిండు. మొదాలుసారి అడిగిండు మేడం, నన్ను."

"నువ్వేమన్నవ్?"

"చెప్పిన." కొంగుతో మెడ తుడుచుకుంది. "ఆయన మీద నా మనసుల ఇగ ఏం లేదు. ఆయన మొకాన చెప్పరాలే నాకు. మీకు కలిస్తె చెప్పుర్రి."

"చెప్తా" అన్నాను.

నెల తిరగకముందే ఆమెకు జ్వరం వచ్చింది. మిర్యాలగూడ దవాఖానలో నాలుగు రోజులుంది. మూడో రోజు నన్ను గుర్తుపట్టింది. నాలుగో రోజు పట్టలేదు. కూతురు, నేను పక్కనే ఉన్నాం.

ఆ తర్వాత పదిహేను, పదహారు రోజులకు సారు ఫోన్ చేశాడు. ఎప్పుడూ చేయని మనిషి.

"అమ్మా, మన ఆయమ్మ ఈమధ్య రావట్లేదు. ఒంట్లో బాగాలేదా?"

"చనిపోయింది సార్."

వెనక ఎక్కడో పిల్లలకు పాఠం చెబుతున్న గొంతు వినిపిస్తోంది. ఆయన తలుపు వేసినట్టున్నాడు, అది ఆగిపోయింది.

"చివరిసారి ఇచ్చింది గుడ్లు పెట్టిందమ్మా" అన్నాడు. "చూపిద్దామనుకున్నాను." తర్వాత, "నా గురించి ఏమైనా అన్నదా?" అని అడిగాడు.

నాలుక చివరి దాకా వచ్చింది. చిన్న మాట. ఆమె నా చేతికిచ్చి పోయిన మాట. కానీ అదే సమయంలో ఆ మైక్రోస్కోపు, ఆ తలనొప్పి మాత్రలు, తల ఎత్తకుండా సంతకాలు పెడుతున్న ఈ మనిషీ గుర్తొచ్చారు. ఆయన నన్ను ఆయమ్మ గురించి అడుగుతున్నాడు. నా గురించి ఇప్పటికీ అడగలేదు.

"లేదు సార్" అన్నాను. "ఏం అనలేదు."

"ఏమీ?"

"ఏమీ అనలేదు."

ఆయన ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. ఆయన ఊపిరి వినిపిస్తుంటే, ఆయనే ముందు పెట్టేసేదాకా చెవికి ఆనించుకుని విన్నాను.